మట్టిలో దొరికిన పాత నాణేన్ని తోమాలా? అపోహలు - వాస్తవాలు

మెటల్ డిటెక్టర్ మోగుతుంది, తవ్వుతాం, మట్టి ముద్దలో గుండ్రంగా ఏదో కనిపిస్తుంది. ఏ రాజు బొమ్మో, ఏ సంవత్సరమో చూడాలన్న ఆత్రంలో బొటనవేలితో రుద్దేస్తాం. నేను చూసినంతలో చాలా నాణేలు ఇంటికి చేరకముందే, ఆ మొదటి పది సెకన్లలోనే పాడవుతున్నాయి.

అపోహ: వేలితో కాస్త మట్టి తుడిస్తే ఏమీ కాదు.

వాస్తవం: మట్టిలో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంటుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద దాని అంకె 7. బంగారం, వెండి, రాగి మూడూ 2.5 నుంచి 3 మధ్యలోనే. అంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. బంగారు నాణెం విషయంలో మరీ జాగ్రత్త. నేలలో వందల ఏళ్లున్నా దానికి చిలుము పట్టదు, మెరుస్తూనే బయటికొస్తుంది. ఆ సంతోషంలో రుద్దామా, పడిన గీతలు ఇక పోవు. నేనైతే చిన్న డబ్బాలో టిష్యూ పరిచి, మట్టితో సహా అందులో పెట్టి తెచ్చుకుంటాను.

అపోహ: ఆకుపచ్చ పొర తీసేస్తే అసలు నాణెం బయటపడుతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. రాగి, కంచు నాణేల పై భాగం నేలలో మెల్లమెల్లగా ఖనిజంగా మారుతుంది. లోపల ఎర్రటి క్యుప్రైట్, దాని మీద పచ్చటి మలకైట్. ఈ పొరనే పటీనా అంటాం. రాజు ముక్కు, అక్షరాల అంచులు చాలాసార్లు ఈ పొరలోనే నిలిచి ఉంటాయి, కింది లోహంలో కాదు. పొర పోతే బొమ్మా పోతుంది.

మొదట్లో నేనూ ఒక కంచు నాణేన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాను. పెట్టేముందు దాని మీద జుట్టు, చెవి, అంచున నాలుగు అక్షరాలు చక్కగా కనిపించాయి. పొద్దున చూస్తే వెనిగర్ నీలిపచ్చగా మారింది. నాణెం గులాబీ రంగుకు తిరిగి ఒళ్లంతా సన్నటి గుంటలు. చెవి ఉన్నచోటా గుంటే. దాన్ని దాచి ఉంచాను, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తాను. నిమ్మరసం, కూల్‌డ్రింకు కూడా ఆమ్లాలే. ఆలివ్ నూనె మెల్లగా పనిచేస్తుంది కాబట్టి భయం లేదంటారు గానీ, అందులోనూ ఆమ్లం ఉంటుంది.

అలాగని పచ్చగా కనిపించిందల్లా పటీనా కాదు. గట్టిగా, నున్నగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. లేత పచ్చరంగులో పొడిపొడిగా రాలుతుంటే అది బ్రాంజ్ డిసీజ్. మట్టిలోని క్లోరైడ్లు రాగితో కలిసి, గాలిలో తేమ తగిలేకొద్దీ లోహాన్ని తినేస్తూ పోతాయి. అలాంటి నాణేన్ని తేమను పీల్చుకునే సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో, తేమ 40 శాతం దాటకుండా ఉంచి, పాత వస్తువులను కాపాడే నిపుణుడికి (కన్జర్వేటర్‌కు) చూపించాలి.

అపోహ: మెరిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. టంకశాలలో అచ్చు దెబ్బకు లోహం పారి కంటికి ఆనని గీతలు ఏర్పడతాయి. నాణేన్ని దీపం కింద తిప్పితే మెరుపు చక్రంలా తిరిగేది వాటివల్లే. పాలిష్ ముందు ఆ గీతలనే అరగదీస్తుంది. ఆపైన ఎంత మెరిసినా అది చచ్చిన మెరుపే. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి, నాణేల స్థితిని చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు అలా తోమిన నాణేనికి 70 పాయింట్ల స్కేలు మీద అంకె ఇవ్వకుండా, శుభ్రం చేశారని లేబుల్ మీదే రాసేస్తాయి. వెండి మీది నలుపు సంగతీ ఇంతే, వదిలేయండి.

మరి నేనేం చేస్తాను? డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడతాను, రోజూ నీళ్లు మారుస్తాను. కుళాయి నీళ్లు వాడను, వాటిలో క్లోరిన్ ఉంటుంది. మట్టి మెత్తబడ్డాక మూలల్లో ఉన్నదాన్ని చెక్క టూత్‌పిక్‌తో వదులు చేస్తాను. నాణెం ఏదో పోల్చుకోగలిగితే అక్కడితో ఆపేస్తాను. ఆరాక మైలార్ అనే ప్లాస్టిక్ కవరులో పెడతాను. మెత్తటి పీవీసీ కవర్లు ఆమ్లం వదులుతాయి.

ఒకటి కాకుండా కుప్ప తగిలితే మాత్రం కడగడం సంగతి అటుంచి, తవ్వడమే ఆపేయాలి. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒక డిటెక్టరిస్టుకు కుండ తగిలింది. ఆయన అక్కడితో ఆపి పురావస్తు నిపుణులను పిలిచారు. లోపల 52,503 రోమన్ నాణేలున్నాయి. మట్టితో సహా పొరలు పొరలుగా తీశారు కాబట్టి, కుండలో ఏ నాణేలు ఏ లోతులో ఉన్నాయో కూడా నమోదైంది.