గిటార్ మీద కర్పూరం

మే నెలలో ఓ మధ్యాహ్నం గిటార్‌ను కారు డిక్కీలోనే వదిలేసి నాచారంలో పెళ్లి భోజనానికి వెళ్లాను. రెండు గంటల తర్వాత తీసి చూస్తే, పెనం మీద దోసె అంచు లేచినట్టు పిక్‌గార్డ్ ఓ పక్కన లేచి ఉంది. వేలితో అదిమితే అతుక్కుంటుంది, వదిలితే మళ్లీ లేస్తుంది.

పిక్‌గార్డ్ అంటే సౌండ్‌హోల్ (గిటార్ నడుమ ఉండే గుండ్రటి రంధ్రం) పక్కన కింది వైపు అంటించి ఉండే పలచటి ప్లాస్టిక్ ముక్క. గిటార్ పైచెక్క చాలావరకు స్ప్రూస్ అనే చెట్టుది. మందం మూడు మిల్లీమీటర్లకు అటూఇటూ, గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడేంత మెత్తన. పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, వాయించేటప్పుడు చెయ్యి తీగలు దాటి ఆ చెక్కను గీకుతూనే ఉంటుంది. ఈ ముక్క లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ ఫొటో చూడండి. 1969లో కొన్న మార్టిన్ కంపెనీ ఎన్-20 అనే నైలాన్ తీగల గిటార్ అది. నైలాన్ తీగల గిటార్లు వేళ్లతో వాయించేవి కాబట్టి వాటికి పిక్‌గార్డ్ ఉండదు. ఆయనేమో పిక్‌తో వాయించి వాయించి సౌండ్‌హోల్ పక్కన ఇంకో రంధ్రం చేశాడు.

పాత గిటార్ల మీద ఈ ముక్కను సెల్యులాయిడ్‌తో చేసేవాళ్లు. అందులో మనకు బాగా తెలిసిన దినుసు ఒకటుంది: కర్పూరం. పత్తిని ఆమ్లాలతో మార్చి తీసే నైట్రోసెల్యులోజ్ ఒక్కటే అయితే పెళుసు. దానికి కర్పూరం కలిపి వేడితో, ఒత్తిడితో అచ్చు తీసే పద్ధతికి అమెరికాలో హయత్ సోదరులు 1870లో పేటెంట్ తీసుకున్నారు. బిలియర్డ్ బంతులకు ఏనుగు దంతం బదులు ఏం వాడొచ్చా అని మొదలైన వెతుకులాట అది. కర్పూరం అణువులు పొడవాటి సెల్యులోజ్ గొలుసుల మధ్య దూరి, అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తాయి. కానీ కర్పూరం సంగతి తెలిసిందేగా! దేవుడి గూట్లో మూత పెట్టకుండా వదిలేసిన బిళ్లలు నెల తిరిగేసరికి చిక్కిపోయి ఉంటాయి. కరగకుండానే నేరుగా ఆవిరైపోతాయి. సెల్యులాయిడ్‌లోంచి కూడా కర్పూరం అలాగే పోతుంది, కాకపోతే దానికి దశాబ్దాలు పడుతుంది. అది పోయినకొద్దీ ముక్క కుంచించుకుపోతుంది.

మార్టిన్ కంపెనీ 1980ల మధ్య వరకు ఆ ముక్కను పాలిష్ లేని ఉత్త చెక్కకే అంటించి, పైన లాకర్ (మెరుపు పాలిష్) కొట్టేది. కుంచించుకుపోయే ప్లాస్టిక్ చెక్కను తన వెంట లాగుతుంది. జిగురు ఓడితే అంచులు లేస్తాయి. జిగురు గెలిస్తే చెక్క చీలుతుంది. బి తీగ (కింది నుంచి రెండోది) వరసలో, బ్రిడ్జికీ (తీగల చివర్లు బిగించే పట్టీ) సౌండ్‌హోల్‌కూ మధ్య వచ్చే ఆ చీలిక, పాత గిటార్లు బాగుచేసేవాళ్లకు బాగా పాత పరిచయం.

పోనీ చెక్కయినా కుదురుగా ఉంటుందా అంటే అదీ లేదు. గిటార్ పైచెక్కకు కోసే తీరులో కోసిన పచ్చి స్ప్రూస్ పూర్తిగా ఆరేసరికి అడ్డంగా నూటికి దాదాపు నాలుగు వంతులు తగ్గుతుంది, నిలువునా దాదాపు ఏమీ తగ్గదు. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండలకు వదులైన తలుపు ఆగస్టు ముసురుకి బిగుసుకుపోవడం చూస్తూనే ఉంటాం. గిటార్ చెక్కదీ అదే వరస. ప్లాస్టిక్‌కు ఆ తేమతో పనిలేదు. ఇక సర్దుకోవాల్సింది మధ్యలో ఉన్న జిగురే. ఇప్పటి పిక్‌గార్డుల కింద ఎప్పటికీ కాస్త మెత్తగా ఉండే జిగురు పొర వేస్తారు. దాని గుణం బెల్లం పాకం లాంటిది: మెల్లగా లాగితే సాగుతుంది, చటుక్కున లాగితే మొండికేస్తుంది, వేడి తగిలితే లొంగుతుంది. డిక్కీలో జరిగింది అదే.

ఇంత తెలిసీ తొందరపడ్డాను. వేడి పెట్టకుండానే పాత ఏటీఎం కార్డు దూర్చి లాగితే బియ్యపు గింజంత పాలిష్ ఊడొచ్చింది. అప్పుడు బుద్ధొచ్చి హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, చెక్క గీతల వెంబడి కార్డును అంగుళం అంగుళం నెట్టుకుంటూ పోయాను. పావుగంటలో ముక్క జిగురు తీగలు సాగుతూ ఊడింది. (సెల్యులాయిడ్ దానికి మాత్రం ఇలా వేడి పెట్టకండి. పాత సినిమా రీళ్లు తగలబడిపోయింది ఆ పదార్థం వల్లే.) మిగిలిన జిగురును లైటర్లలో పోసే నాఫ్తాతో తుడిచాను. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అయితే జిగురుతో పాటు పాలిష్‌నూ కరిగించేస్తాయి.

పాతదాన్ని కాగితం మీద పెట్టి గీసుకుని, కొత్త షీటుతో ముషీరాబాద్‌లో రేడియం స్టిక్కర్లు వేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. కోసిచ్చి, "సబ్బునీళ్లు కొట్టి పెట్టు అన్నా, అటిటు జరుపుకోవచ్చు" అన్నాడు. నిజమే, మధ్యలో నీటి పొర ఉన్నంతసేపు జిగురుకు పట్టు దొరకదు. ముక్కను సరిగ్గా కూర్చోబెట్టాక కార్డుతో మధ్య నుంచి అంచులకు నీటిని తోసేస్తే పట్టు మొదలవుతుంది. సౌండ్‌హోల్ అంచున ఉత్త చెక్క ఉంటుంది కాబట్టి అటు పొడిగుడ్డ అడ్డం పెట్టాను.

పాతది ఉన్నచోట చెక్క, వాచీ తీసిన మణికట్టులా తెల్లగా ఉంది. చుట్టూ ఉన్నది ఇన్నేళ్ల వెలుతురుకు తేనెరంగుకు తిరిగింది. నేను గీసిన గీతకు కాస్త లోపలగా కోయడంతో, కొత్త ముక్క అంచున గోరంత నెలవంక బయటపడింది. నాలుగు నెలల్లో కొంచెం రంగు తేలింది కానీ ఇంకా తెలిసిపోతోంది. వినాయక చవితి దగ్గరపడుతోంది. ఆ రోజు దాని వంక చూడొద్దని అమ్మ ముందే చెప్పింది.