చూరు దగ్గర ఆ స్నో గార్డ్ ఎందుకొచ్చింది?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఆఫీసుల్లో కూర్చుని అమెరికా, కెనడా గోడౌన్లకీ స్కూళ్లకీ స్టీల్ డ్రాయింగులు చేసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఇంటి కప్పు మీద మంచు పేరుకోవడం కళ్లారా చూసినవాళ్లు మాలో తక్కువ. అందుకే రూఫ్ ప్లాన్‌లో చూరు పక్కన ‘స్నో గార్డ్’ (కప్పు మీది మంచు ఒక్కసారిగా జారిపడకుండా ఆపే అడ్డం) అని కనిపిస్తే గట్టర్ లాంటి ఇంకో అదనపు సామాను అనుకుని దాటేస్తుంటారు, ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందు ఎగిరిపోయేదీ అదే. నిజానికి ఆ ముక్క టన్నుల బరువును ఆపుతుంది, దాని కథ కాస్త తెలిస్తే అలా దాటెయ్యరని నా నమ్మకం.

మంచును కప్పు మీదే ఆపడం చాలా పాత పద్ధతి. ఆల్ప్స్ కొండపల్లెల్లో చెక్క పలకల కప్పుల మీద రాళ్లు పెట్టేవాళ్లు, చూరుకి కాస్త పైన దుంగలు అడ్డంగా కట్టేవాళ్లు. పైన మంచు మందంగా ఉంటే లోపల వెచ్చగా ఉంటుంది, కాబట్టి దాన్ని దించెయ్యాలన్న తొందర వాళ్లకు లేదు. జపాన్‌లో మంచును ఆపే బొడిపె పెంకుకే ఉంటుంది. 19వ శతాబ్దపు అమెరికాలో స్లేటు రాతి పలకల ఇళ్లకి పోత ఇనుముతో చిన్న చిన్న గార్డులు చేశారు, పెన్సిల్వేనియా వైపు పాత ఇళ్ల మీద రెక్కలు చాచిన గద్ద ఆకారంలో ఉన్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ గార్డు తోకను రెండు పలకల మధ్య దూర్చి కింది చెక్కకి మేకు కొడితే, పై వరస పలక ఆ మేకును కప్పేసేది. నీళ్లు కారే బెంగ ఉండేది కాదు.

రేకులు వచ్చాక పరిస్థితి మారింది. 1829లో లండన్‌లో హెన్రీ పామర్ ముడతల రేకుకి పేటెంట్ తీసుకున్నాడు, 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ ఇనుముకి జింకు పూత పూసే పద్ధతికి. ఆ రెండూ కలిసి మన సిమ్లా కొండల దాకా వచ్చాయి. రేకు నున్నగా ఉంటుంది, పైగా లోపలి వేడికి మంచు అడుగున కరిగి సన్నటి నీటి పొర ఏర్పడుతుంది. ఇక అంతే, వేడి పెనం మీద వెన్నముద్ద జారినట్టు కప్పు మీదున్నదంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. కింద గుమ్మం ఉండొచ్చు, కారు ఉండొచ్చు, పిల్లలు ఆడుకుంటూ ఉండొచ్చు.

అసలు చిక్కు 1960ల చివర్లో మొదలైంది. అమెరికాలో పెద్ద బిల్డింగులకు స్టాండింగ్ సీమ్ కప్పులు అప్పుడే వాడుకలోకి వచ్చాయి. రేకుల అంచులు నిలువుగా లేపి, ఒకదాన్నొకటి పట్టుకునేలా మడిచి, కింద కనపడని క్లిప్పులతో నిలబెడతారు. కప్పు మధ్యలో స్క్రూ కన్నాలు ఉండవు, ఎండకీ చలికీ రేకు ఆ క్లిప్పుల మీద అటూ ఇటూ జరుగుతుంది. 30 మీటర్ల ఉక్కు రేకు 50 డిగ్రీల తేడాకి దాదాపు 18 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం అయితే దానికి దాదాపు రెట్టింపు. మరి దీనికి గార్డు ఎలా బిగించాలి? స్క్రూ కొడితే కన్నం పడుతుంది, రేకు కదలిక కూడా ఆగిపోతుంది. అందుకని పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కల్ని జిగురుతో అతికించడం మొదలుపెట్టారు. జిగురు పట్టు రేకు మీది పెయింటుని మించి ఉండదు, చలిలో అతికిస్తే సరిగ్గా ఆరదు, ఏళ్ల తరబడి ఎండకి పెళుసెక్కుతుంది. ఒక ముక్క ఊడితే దాని బరువు పక్కదాని మీద పడి, అదీ ఊడి, వరసంతా పోతుంది.

దీనికి సరైన జవాబు 1990ల తొలి ఏళ్లలో దొరికింది. కొలరాడోకి చెందిన రాబ్ హాడాక్ అనే ఆయన రూఫింగ్ కాంట్రాక్టరుగా పనిచేసినవాడు, సీమ్‌నే, అంటే రేకుల నిలువు మడతనే, పట్టుకునే అల్యూమినియం క్లాంప్ (బిగింపు పట్టు) తయారుచేశాడు. దాని స్క్రూ మొన గుండ్రంగా ఉంటుంది. బిగిస్తే రేకుని చీల్చకుండా చిన్న నొక్కు పడేలా ఒత్తి పట్టుకుంటుంది. కన్నం పడదు, రేకు కదలికకి అడ్డం రాదు. ఆ క్లాంపుల మీద అడ్డంగా పట్టీ బిగిస్తే ఆల్ప్స్ దుంగ చేసిన పనే చేస్తుంది. చిన్న ఆలోచనే, కానీ నాకు మాత్రం ఈ రంగంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

క్లాంప్ పట్టుకుంది సరే, బరువు ఎక్కడికి పోతుంది? చదరపు మీటరుకు 150 కిలోల మంచు, చూరు నుంచి కొప్పు దాకా 10 మీటర్లు, వాలు 18 డిగ్రీలు అనుకుందాం. ఘర్షణని లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి మీటరు చూరుకీ సుమారు 460 కిలోల తోపు, 20 మీటర్ల చూరుకి 9 టన్నుల పైమాటే. అదంతా క్లాంప్ నుంచి రేకులోకి, రేకు నుంచి దాన్ని కదలకుండా బిగించిన ఒకే ఒక్క చోటికి చేరుతుంది. ఆ ఫిక్స్‌డ్ పాయింట్ కొప్పు దగ్గరుందా చూరు దగ్గరుందా, అక్కడి స్క్రూలు ఈ బరువుకి చాలతాయా అన్నది డ్రాయింగులో తేలాలి. పెద్ద కప్పుకి చూరు దగ్గర ఒక్క వరస వేసి చేతులు దులుపుకుంటే కుదరదు, పైన ఇంకో రెండు మూడు వరసలు అవసరం కావచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. నున్నటి కప్పు మీద అడ్డం ఏమీ లేకపోతే మంచు జారిపోతుంది కాబట్టి, వాలుని బట్టి ఫ్రేమ్ లెక్కలో మంచు బరువు కొంత తగ్గించుకోవచ్చని బిల్డింగుల మీద బరువుల లెక్కకి వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7 ఒప్పుకుంటుంది. గార్డు పెట్టామంటే అడ్డం పెట్టినట్టే, ఆ తగ్గింపు ఇక వర్తించదు. బిల్డింగ్ లేచాక గార్డులు చేర్చమని క్లయింట్ నుంచి మెయిల్ వస్తే, ముందు పాత లెక్కలు తీసి జారే కప్పని బరువు తగ్గించారేమో చూడండి.