పెట్టె పలికిందా?

మా వీధి చివర కిరాణా కొట్టులో కాటా పక్కన, ఫోనుతో కట్టిన డబ్బు పడగానే పలికే అరచేతిలో పట్టేంత స్పీకరు పెట్టె ఒకటి ఉంటుంది. మొన్న సాయంత్రం రద్దీలో ఓ కుర్రాడు పాల ప్యాకెట్టు, అరడజను గుడ్లు తీసుకుని, ఫోనులో ఆకుపచ్చ టిక్కు చూపించి కదలబోయాడు. కొట్టు పిన్నిగారు ఫోను వంక చూడనే లేదు. "పెట్టె పలకలేదు బాబూ, ఉండు" అంది. నాలుగైదు సెకన్లకు పెట్టె పలికింది, కుర్రాడు వెళ్లాడు. పదేళ్ల కిందట ఇదే కొట్టులో రూపాయి చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టేది. అప్పట్లో ఆమె దగ్గరున్న టెక్నాలజీ అంతా క్యాలిక్యులేటరూ, ఖాతా పుస్తకమూ.

కార్డుల కాలం ఆమె కొట్టు మెట్టెక్కలేదు. బ్యాంకులు భద్రత మీద చాలానే పనిచేశాయి. 2013 డిసెంబరు నుంచి డెబిట్ కార్డు గీకితే పిన్ నొక్కడం తప్పనిసరి అయింది. మాగ్నెటిక్ చార ఉన్న పాత కార్డుల స్థానంలో చిప్ కార్డులు ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు 2018 డిసెంబరు 31 దాకా గడువు పెట్టింది. ఇదంతా సూపర్ మార్కెట్లకు, పెట్రోలు బంకులకు పనికొచ్చింది. కిరాణా కొట్టుకు మాత్రం స్వైపింగ్ మిషను అంటే నెలనెలా అద్దె, పైగా ప్రతి అమ్మకం మీద కమిషను. రెండు వేల లోపు డెబిట్ కార్డు అమ్మకానికి 2012 నుంచి కొన్నేళ్లపాటు 0.75 శాతం దాకా కోసుకునే వీలుండేది, క్రెడిట్ కార్డుకు అంతకంటే ఎక్కువే. పాల ప్యాకెట్టు మీద మిగిలేదే రూపాయి, ఆ పైన కాస్త. అందులోంచి బ్యాంకుకు వాటా ఇవ్వమంటే ఎవరిస్తారు?

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఒక్కసారిగా చెల్లకుండా పోయింది. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు ఫోనుతో నేరుగా డబ్బు పంపే యూపీఐని రిజర్వ్ బ్యాంకు అప్పటి గవర్నర్ రఘురామ్ రాజన్ ఆ ఏప్రిల్‌లోనే ప్రారంభించారు కానీ, నవంబరు మొత్తం మీద దాంట్లో జరిగిన లావాదేవీలు మూడు లక్షలు కూడా లేవు. జనం చేతికి ముందు అందింది, ముందే డబ్బు నింపుకుని ఖర్చు పెట్టుకునే ఫోను వ్యాలెట్లు. ఒక వ్యాలెట్‌లోని డబ్బు ఇంకో వ్యాలెట్‌కు వెళ్లదు. అందుకే ఒక్కో కొట్టుకు మూడేసి క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు. ఏ కంపెనీ స్టిక్కరునైనా ఏ యాప్‌తోనైనా స్కాన్ చేసేలా ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2020 అక్టోబరులో ఆదేశించి, మారడానికి 2022 మార్చి 31 దాకా సమయమిచ్చింది.

ఈ కథలో మన వాటా కూడా ఉంది. నోట్ల రద్దయ్యాక డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి కన్వీనరు చంద్రబాబు నాయుడు. 2017 జనవరిలో ఇచ్చిన మధ్యంతర నివేదికలో, చిన్న వ్యాపారులు స్మార్ట్‌ఫోను కొనుక్కోవడానికి వెయ్యి రూపాయల సబ్సిడీ ఇవ్వాలన్నది ఒక సిఫార్సు. కొట్టువాడి చేతిలో యంత్రం ఉండాలన్నదే అప్పటి ఆలోచన అని దీన్నిబట్టే తెలుస్తుంది.

జరిగింది వేరు. యంత్రాన్ని కొనుగోలుదారే జేబులో వేసుకుని వచ్చాడు. కొట్టుకు కావలసింది ఓ కాగితం ముక్క. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ తయారుచేసింది కార్ల విడిభాగాల లెక్క కోసం. అది మన దగ్గర బెల్లం డబ్బాల మీదికి, టీ బండి గొడుగు కర్ర మీదికి ఎక్కింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీదా, రూపే డెబిట్ కార్డుల మీదా కమిషను సున్నా చేశారు. కిరాణా కొట్టుకు తలుపు తెరుచుకుంది అప్పుడేనని నా అభిప్రాయం. నోట్ల రద్దు భయపెట్టింది, అంతే. నిలబెట్టింది మాత్రం ఈ సున్నా. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీల సంఖ్య 2,000 కోట్లు దాటింది.

కాగితానికి రెండు బలహీనతలు. దాని మీద ఇంకో కాగితం అంటించొచ్చు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి పెట్రోలు బంకు, దుకాణాల బయటి స్టిక్కర్ల మీద వేరే స్టిక్కర్లు అంటించి పోయారు. ఉదయం కొనుగోలుదారు స్కాన్ చేస్తే వేరే పేరు కనిపించాక గానీ విషయం బయటపడలేదు. రెండోది ఇంకా చిక్కు. డబ్బు వెళ్లిందని చెప్పేది ఇచ్చినవాడి ఫోను. తీసుకునేవాడు అది నమ్మాలి. పాత స్క్రీన్‌షాట్ చూపించేవాళ్లు, అచ్చం అలాగే కనిపించే నకిలీ యాప్‌లో టిక్కు చూపించేవాళ్లు పుట్టుకొచ్చారు. కొట్టువాడు తన ఫోనులో మెసేజ్ చూసుకోవచ్చుగా అంటారు. ఒక చేత్తో పప్పు తూస్తూ, ఇంకో చేత్తో కవరు కడుతూ, కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయినవాళ్లకు ఆ సలహా ఇవ్వడం తేలికే.

దీనికి జవాబుగా వచ్చిందే ఆ పెట్టె. పేటీఎం ముందు తెచ్చింది, వెనకే ఫోన్‌పే, భారత్‌పే వచ్చాయి. దాంట్లో సొంత సిమ్ ఉంటుంది. డబ్బు పడిన కబురు కంపెనీ సర్వరు నుంచి నేరుగా దానికి వస్తుంది. కొనేవాడి ఫోనుతో దానికి సంబంధం లేదు, కనుక స్క్రీన్‌షాట్‌కు అది పలకదు. స్టిక్కరు మార్చేసినా పలకదు. చదువు రాకపోయినా, చూపు ఆనకపోయినా చెవికి తెలుగులో వినిపిస్తుంది. 2024లో ఫోన్‌పే పెట్టెకు మహేశ్ బాబు గొంతు కూడా ఇచ్చారు! కాకపోతే దీనికి నెలనెలా అద్దె. డబ్బు రావడం ఉచితం, వచ్చిందని తెలుసుకోవడానికి మాత్రం ఖర్చు. కమిషను లేని వ్యాపారంలో కంపెనీలకు దొరికిన ఆదాయాల్లో ఇదొకటి.

పెట్టె పలకని రోజులూ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 12 శనివారం యూపీఐ దేశమంతా గంటల తరబడి మొరాయించింది. చాలామంది జేబుల్లో పది నోటు కూడా లేదు. ఆ రోజు పిన్నిగారు ఖాతా పుస్తకం బయటికి తీసింది.

అదే ఏడాది జులైలో కర్ణాటక నుంచి ఇంకో భయం వచ్చింది. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ నాలుగేళ్ల యూపీఐ లెక్కలు తెప్పించుకుని, ఏడాది అమ్మకం జీఎస్టీ రిజిస్ట్రేషను పరిమితి దాటిందంటూ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఓ కూరగాయల వ్యాపారికి వచ్చిన నోటీసు 29 లక్షలకు. బెంగళూరు కొట్ల మీద స్టిక్కర్లు పీకేసి 'క్యాష్ మాత్రమే' అని బోర్డులు పెట్టారు. చివరికి పాత బకాయిలు వసూలు చేయబోమని, ఇకపై మాత్రం రిజిస్టరు చేసుకోవాలని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు.

మన దగ్గర లెక్క వేసి చూడండి. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి ఏడాదికి 40 లక్షలు, అంటే రోజుకు దాదాపు 11 వేలు. తెలంగాణ మాత్రం పాత 20 లక్షల దగ్గరే ఆగింది, రోజుకు ఐదున్నర వేలు. ఇది లాభం కాదు, అమ్మకం. పాలు, గుడ్లు, బియ్యం, నూనె, సెల్ రీఛార్జీలు అమ్మే ఓ మాదిరి కొట్టు ఈ గీత దాటడానికి పండగ అక్కర్లేదు. కట్టాల్సిన పన్ను ఎగ్గొట్టమని ఎవరూ అనరు. కానీ ఈ పరిమితి ఇంత అని స్టిక్కరు అంటించిన కుర్రాడు చెప్పలేదు, పెట్టె ఇచ్చినవాడూ చెప్పలేదు. ఆ స్టిక్కరులోంచి కూతురు పంపిన డబ్బు, చిట్టీ డబ్బు, అరువు తీర్చినది, అమ్మకం అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఏది అమ్మకమో నోటీసు వచ్చాక నిరూపించుకోవాల్సింది కొట్టువాళ్లే.

పిన్నిగారిని ఈ మధ్య అడిగాను, స్టిక్కరు తీసేస్తారా అని. "తీస్తే ఎదురు కొట్టుకు పోతారు" అంది. ఇప్పుడు ఖాతా పుస్తకంలో అరువు పేజీల వెనక కొత్తగా గీతలు గీసి, కూతురు పంపినవి, చిట్టీవి తేదీలతో విడిగా రాసుకుంటోంది.