బ్యాటరీ కార్ల చార్జింగ్: పెద్దల నివాసాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

మంగళగిరి వైపున్న ఒక పెద్దల నివాస సముదాయంలో తిరిగే ఎనిమిది బ్యాటరీ కార్ల బాగోగులను కొన్నేళ్లుగా మా వర్క్‌షాపే చూస్తోంది. కాగితాల మీద వీటి పేరు గోల్ఫ్ కార్టు అయినా, రైల్వే స్టేషన్లలోను పెద్ద ఆసుపత్రుల్లోను చూసి అలవాటైన మనవారు బ్యాటరీ కార్లనే అంటారు కనుక నేనూ ఆ మాటే వాడతాను. ఇంటి నుంచి భోజనశాలకు, అక్కడి నుంచి గుడికి, సాయంత్రం ఫిజియోథెరపీ గదికి వెళ్లే పెద్దలకు ఈ కారు విలాసం కాదు. అది దారి మధ్యలో ఆగిపోతే మోకాలి ఆపరేషన్ అయిన మనిషి మే నెల ఎండలో నడవవలసి వస్తుంది. అలా ఆగిన కార్లను విప్పి చూసినప్పుడల్లా నాకు కనిపించిన తప్పు చాలావరకు బ్యాటరీ తయారీలో ఉన్నది కాదు, రోజూ చార్జింగ్ పెట్టే పద్ధతిలో ఉన్నదే. మంచి మనసుతోనే చేస్తున్నా హాని చేస్తున్న అలవాట్లు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. ఇక్కడి కార్లలో ఎక్కువ భాగం నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడుస్తాయి. సీటు ఎత్తితే 8 వోల్టుల బ్యాటరీలు ఆరో, 6 వోల్టులవి ఎనిమిదో వరుసగా కలిపి ఉంటాయి. ఎలా కలిపినా మొత్తం 48 వోల్టులే, లోపలి సెల్స్, అంటే 2 వోల్టుల చిన్న గదులు, 24. లిథియం బ్యాటరీల సంగతి వేరు కనుక వాటి గురించి చివర్లో చెబుతాను.

అపోహ: బ్యాటరీ పూర్తిగా దిగిపోయాకే చార్జింగ్ పెట్టాలి, లేకపోతే దానికి తక్కువ చార్జింగే అలవాటవుతుంది.

అన్నింటిలోకి ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. దీనికి మూలం పాత కార్డ్‌లెస్ ఫోన్లలో వాడిన నికెల్ కాడ్మియం బ్యాటరీలు. కొంచెం వాడి మళ్లీ చార్జింగ్ పెట్టడం పదేపదే జరిగితే వాటి సామర్థ్యం తగ్గినట్టు కనిపించేది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఆ గుణం లేదు, దాని స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. కారు నడుస్తున్నంతసేపూ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ అనే పదార్థం మెత్తని పొరలా ఏర్పడుతుంది, వెంటనే చార్జింగ్ పెడితే అది కరిగి మళ్లీ సీసంగాను ఆమ్లంగాను మారిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారి, ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. మా మెకానిక్‌లు ప్లేటు పట్టేసింది అనేది దీన్నే.

ఒక డ్రైవరుకు ఎవరో పెద్దాయన, "అబ్బాయీ, కారు లాగలేక నెమ్మదించేదాకా నడుపు, అప్పుడు పెట్టు చార్జింగ్" అని చెప్పారు. అతను ఆ మాటను ఎంత శ్రద్ధగా పాటించాడంటే, నాలుగైదేళ్లు రావలసిన బ్యాటరీల సెట్టు పద్నాలుగు నెలలకే పనికిరాకుండా పోయింది. ఆ డ్రైవరు ఎంతో బాధపడ్డాడు. అతని తప్పు ఏమీ లేదు, సరైన మాట చెప్పేవారు లేకపోయారంతే.

రోజూ వాడకం ముగిశాక, తిరిగింది రెండు కిలోమీటర్లే అయినా, రాత్రికి నిండుగా చార్జింగ్ పెట్టాలి. సామర్థ్యంలో సగం కంటే ఎక్కువ వాడకుండా చూసుకోవడం మంచిది, ఎంత అవసరమైనా 80 శాతం దాటకూడదు. దీన్ని మల్టీమీటరుతో గమనించవచ్చు. చార్జింగ్ తీసేసి, కారు నడపకుండా కొన్ని గంటలు ఉంచాక 48 వోల్టుల సెట్టు నిండుగా ఉంటే దాదాపు 50.9 వోల్టులు చూపిస్తుంది. సగానికి దిగితే 48.4 దగ్గర ఉంటుంది. మీటరులో 48 కనిపించగానే 48 వోల్టుల బండి కదా, నిండుగానే ఉందని సంతోషించేవారు చాలామంది ఉన్నారు, నిజానికి అప్పటికి సగం పైగా ఖర్చయిపోయి ఉంటుంది.

రోజూ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని కమిటీ సభ్యులు అడుగుతుంటారు. వాడినంతే తిరిగి నింపుతాం కనుక రోజూ పెట్టినా, రెండు రోజులకొకసారి పెట్టినా యూనిట్లలో చెప్పుకోదగ్గ తేడా రాదు. 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) సెట్టులో నిల్వ ఉండేది సుమారు 7.2 యూనిట్లు. సగం వాడితే చార్జింగ్‌లో వృథా అయ్యేదానితో కలిపి నాలుగున్నర నుంచి ఐదు యూనిట్లు పడుతుంది. ఒక సెట్టు బ్యాటరీల ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా చిన్నది.

అపోహ: నాలుగైదు గంటలు పెడితే చాలు, మిగిలింది దండగ.

చార్జింగ్ మొదటి భాగం వేగంగానే సాగుతుంది, ఆఖరి 20 శాతం నిండడానికే గంటలు పడుతుంది. ఆ చివరి దశలో సెల్స్‌లో బుడగలు లేచి, అడుగున చిక్కగా చేరిన ఆమ్లాన్ని పైనున్న పలుచని ద్రవంతో కలుపుతాయి. తెల్లవారుజామున గుడికి వెళ్లేవారి కోసమని నాలుగింటికే ప్లగ్గు తీసేసే చోట ఆ కలయిక ఏనాడూ జరగక, ప్లేట్ల అడుగు భాగం ముందుగా పాడవుతుంది. అటువంటి చోట నేను చెప్పేది, రాత్రి పదింటికి బదులు సాయంత్రం ఏడింటికే చార్జింగ్ మొదలుపెట్టమని, లేదా వేకువ పనికి ఒక కారును విడిగా కేటాయించమని. మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని చార్జర్లు తమంతట తాము మళ్లీ మొదలవుతాయి, కొన్ని కావు. మీ చార్జర్ ఏ రకమో ఒకసారి పరీక్షించి, రెండో రకమైతే రాత్రి కాపలా మనిషికి తప్పకుండా చెప్పి ఉంచాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్‌లో చెప్పే సలహాలు కూడా ఇక్కడే వస్తాయి. ఫ్లోరిడాలో ది విలేజెస్ అనే పెద్దల నివాస ప్రాంతంలో ఇంటింటికీ గోల్ఫ్ కార్టు ఉంటుంది, అక్కడ చూసి వచ్చిన అనుభవంతో వారు చెప్పే మాటల్లో మంచివి చాలానే ఉన్నాయి. అయితే అక్కడి నుంచి తెచ్చిన పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ చార్జరును మాత్రం వాడకండి. వాటిలో చాలా వాటిని అక్కడి 120 వోల్టుల, 60 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయేలా తయారుచేశారు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజీ తగ్గించుకున్నా హెర్ట్జ్ మారదు కనుక అది సరిగ్గా పనిచేయదు.

అపోహ: ఏసీ నుంచి కారే నీరు, ఆర్వో నీరు డిస్టిల్డ్ వాటరుతో సమానం.

సమానం కావు. ఏసీ నీరు చల్లని రాగి, అల్యూమినియం రేకుల మీదుగా, వాటి మీది దుమ్ముతో కలిసి కారుతుంది. ఇంటి ఆర్వో యంత్రం రుచి కోసం కొంత లవణాన్ని ఉంచే వదులుతుంది. మనం తాగడానికి అవి హాని కావు, బ్యాటరీకి హాని. ఇనుము, క్లోరైడ్ వంటివి రవ్వంత చేరినా, కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే చార్జింగ్ లోలోపల ఖర్చయిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి మా దగ్గరకు కొన్ని బ్యాటరీలు వచ్చాయి. మూతల సందుల్లోంచి బురద నీరు దిగినవి రాత్రంతా పెడితే నిండుగా చూపించేవి, మూడు రోజులు పక్కన పెడితే ఖాళీ అయ్యేవి. వరదంత కాకపోయినా, నెలనెలా పోసే ఏసీ నీరు చేసే పని అదే, కాస్త నెమ్మదిగా.

నీళ్లు ఎప్పుడు పోయాలన్నది కూడా ముఖ్యమే. చార్జింగ్‌కు ముందు మూత దాకా నింపితే, చార్జింగ్ సమయంలో ద్రవం ఉబ్బి ఆమ్లంతో సహా పొంగి బయటికి కారుతుంది. కారులో బ్యాటరీ ట్రే తుప్పుపట్టడం, టెర్మినళ్ల మీద తెల్లగా పచ్చగా బూజులాంటిది పేరుకోవడం దీనివల్లనే ఎక్కువ. చార్జింగ్ పూర్తయ్యాకే, సెల్ నోటి లోపల కిందికి దిగిన గొట్టం అంచుకు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఉండేటట్టు పోయాలి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందుగా అవి మునిగేంత పోసి, చార్జింగ్ అయ్యాక మిగిలింది పోయాలి. బలం తగ్గిందని ఆసిడ్ పోయించేవారూ ఉన్నారు. ఆవిరైపోయేది నీరే గాని ఆమ్లం కాదు, కాబట్టి పొంగి ఒలికిపోయిన సందర్భంలో తప్ప ఆసిడ్ కలపడం ప్లేట్లను తినివేయించడమే. మన ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి, మిగతా కాలంలో నెలకొకసారి మూతలు తీసి చూడటం అవసరం. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పనిని ఎవరిచేతా చేయించవద్దు.

అపోహ: రాత్రిపూట చార్జింగ్ పెడితే పేలిపోతుంది.

2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త విన్నవారికి భయం ఉండటం సహజం, ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. అయితే మన కార్లలోని లెడ్ యాసిడ్ బ్యాటరీల విషయంలో ప్రమాదం రాత్రి అన్నదానిలో లేదు, స్థలంలో ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్ చివరి దశలో హైడ్రోజన్ వాయువును వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు మండడానికి. గాలి కంటే చాలా తేలిక కనుక పైకప్పు కిందకు చేరుతుంది. అందుకే పైభాగంలో గాలి బయటికి పోయే దారి ఉన్న షెడ్డు కావాలి, నేల దగ్గర కిటికీ ఉంటే సరిపోదు. నాలుగు గోడలు మూసిన స్టోరు రూములో, వంటగదికి ఆనుకున్న వరండాలో, నివాస గదుల కింద మూసి ఉన్న పార్కింగ్‌లో పెట్టించవద్దు. ఈ జాగ్రత్తలున్న చోట రాత్రి చార్జింగే మేలు, చల్లగా ఉంటుంది కనుక.

దసరా నాడు ఆయుధ పూజకు కార్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి హారతి ఇవ్వడం మన ఊరిలో మానగలిగేది కాదు, మానాలని నేను చెప్పను కూడా. ప్లగ్గు తీసి, కారును షెడ్డు బయటికి తెచ్చి, సీటు ఎత్తి పావుగంట గాలి తగలనిచ్చి, మళ్లీ దించిన తరువాత ముందు వైపు నిలబడి హారతి ఇవ్వండి. కర్పూరం, అగరుబత్తి సీటు దగ్గరకు తీసుకువెళ్లవద్దు. కడిగేటప్పుడు నీటి పైపు బ్యాటరీల మీదకు పట్టకండి.

అపోహ: ఎండకు బ్యాటరీ త్వరగా ఎక్కుతుంది కాబట్టి వేసవి మంచిదే.

వేడికి చార్జింగ్ త్వరగా ఎక్కినట్టు అనిపించడం నిజమే, కాని ఆయుష్షు తరిగేది కూడా ఆ వేడికే. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. రెంటచింతల ఎండలు పక్కనున్న మనకు ఈ లెక్క విలువ విడమరిచి చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం తిరిగివచ్చిన కారుకు వెంటనే ప్లగ్గు పెట్టక, నీడలో గంటా రెండు గంటలు చల్లారనివ్వండి. ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ సవరించుకునే చార్జరు కొనండి. 25 దాటిన ప్రతి డిగ్రీకి ఒక్కో సెల్‌కు 5 మిల్లీవోల్టులు తగ్గించాలన్నది సాధారణ నియమం. 45 డిగ్రీల వేడిలో 24 సెల్స్‌కు అది 2.4 వోల్టులవుతుంది. ఆ సవరణ లేని చార్జరు వేసవి పొడవునా నీటిని మరిగిస్తూనే ఉంటుంది.

సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది పాత కాలపు పెట్టెలను చూసి పుట్టిన మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు. నేల మీదున్నా బల్ల మీదున్నా, వాడకుండా ఉంచిన బ్యాటరీ తనంతట తాను నెమ్మదిగా దిగుతుంది, అందుకే సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్లినా కార్లకు చార్జింగ్ పెట్టే మనిషి ఒకరు ఉండాలి.

అపోహ: లిథియం బ్యాటరీ వేయిస్తే ఏ జాగ్రత్తా అక్కరలేదు, పాత చార్జరే చాలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచిదే. నీళ్లు పోయనక్కరలేదు, బరువు చాలా తక్కువ, రోజూ నిండకపోయినా నష్టం లేదు. కాని పాత చార్జరు వాడటం తప్పు. లెడ్ యాసిడ్ చార్జరు తన చివరి దశలో, ముఖ్యంగా సెల్స్ అన్నింటినీ సమం చేయడానికి కావాలనే అదనంగా చార్జింగ్ పెట్టే ఈక్వలైజింగ్‌లో, ఇచ్చే వోల్టేజీ లిథియానికి తగనిది. బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు (బీఎంఎస్) ప్రతిసారీ కరెంటు ఆపి కాపాడుతుందని దాని మీదే భారం వేయడం మంచి పద్ధతి కాదు. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టవద్దని చాలా కంపెనీల సూచనల్లో ఉంటుంది కనుక, చల్లారనివ్వడమనే నియమం దీనికీ ఉంది.

అపోహ: ఆరింటిలో ఒక బ్యాటరీ చెడిపోతే ఆ ఒక్కటీ మారిస్తే సరి.

సెట్టు కొన్న ఐదారు నెలల లోపల అయితే సరే. మూడేళ్ల సెట్టులో ఒక కొత్తదాన్ని కలిపితే, చార్జరు మొత్తం 48 వోల్టులనే చూస్తుంది కనుక కొత్తది అతిగాను, పాతవి కొరతగాను చార్జింగ్ అయి, కొన్ని నెలల్లో కొత్తది కూడా పాతవాటి స్థాయికి వచ్చేస్తుంది. ఒకటి మార్చి, మూడు నెలలకు మరొకటి మార్చి, చివరికి సెట్టు ధర కంటే ఎక్కువ ఖర్చు పెట్టిన చోట్లు నాకు తెలుసు. పెద్దల పెన్షన్ల నుంచి వచ్చే నిర్వహణ డబ్బు అలా పోవడం చూడలేకనే, ప్రతి కారుకు ఒక నోటు పుస్తకం పెట్టమని అడుగుతున్నాను. నెలకొకసారి, రాత్రంతా చార్జింగ్ అయ్యాక, హైడ్రోమీటరుతో 24 సెల్స్ గ్రావిటీ, అంటే లోపలి ఆమ్లం చిక్కదనం, చూసి రాయించండి. అన్నీ 1.250 నుంచి 1.280 మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఏ రెండు సెల్స్ మధ్యనైనా తేడా 0.030 దాటితే ఆ రోజే మెకానిక్‌కు ఫోన్ చేయండి, ఆ దశలో ఈక్వలైజింగ్ చార్జింగ్‌తో చాలాసార్లు సరిచేయగలం. తేడా 0.050కి చేరేదాకా ఎవరూ చూడకపోతే ఆ బ్యాటరీని మార్చడం తప్ప మా చేతిలో ఏమీ మిగలదు.