స్కాన్ బాగుంది, తుంటి విరిగింది: షుగర్ ఉన్నవాళ్ల ఎముకలపై అపోహలు - వాస్తవాలు

బాత్‌రూమ్‌లో కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్న ఒకావిడ మా వార్డులో చేరారు. పన్నెండేళ్లుగా షుగర్. వాళ్లబ్బాయి ఫైల్లోంచి డెక్సా స్కాన్ రిపోర్టు తీసి, "ఆర్నెల్ల కిందటే తీయించాం డాక్టర్ గారూ, ఎముకలు బాగానే ఉన్నాయన్నారే!" అన్నాడు. రిపోర్టులో తప్పేం లేదు. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండటమే పొరపాటు. ఎముకల డాక్టర్‌గా నాకు తరచూ ఎదురయ్యే అపోహల్లో మొదటిది ఇదే.

అపోహ: స్కాన్‌లో సాంద్రత బాగుంటే ఎముక గట్టిదే.

వాస్తవం: ఎముకలో ఖనిజం ఎంతుందో డెక్సా చెబుతుంది. ఆ ఖనిజాన్ని పట్టి ఉంచే కొలాజెన్ పోగుల సంగతి చెప్పదు. టైప్ 2 షుగర్‌లో సాంద్రత చాలాసార్లు మామూలుగానే, ఒక్కోసారి కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. అయినా తుంటి విరిగే ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువే.

ఎందుకంటారా? మీరు చేయించుకునే హెచ్‌బీఏ1సీ, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూసే పరీక్ష. ఆ చక్కెర కొలాజెన్‌కూ అంటుకుంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజుల్లో పోయి కొత్తది వస్తుంది. ఎముకలోని కొలాజెన్ అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటుంది. పైగా పాత ఎముకను తీసేసి కొత్తది వేసే పని షుగర్‌లో మందగిస్తుంది. దాంతో పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఎముక పెళుసవుతుంది. పచ్చి కొమ్మ వంగుతుంది, ఎండు కొమ్మ పుటుక్కుమంటుంది. లావు చూస్తే రెండూ ఒకటే.

మామూలుగా డెక్సా రిపోర్టులో సాంద్రతను చెప్పే టీ స్కోరు మైనస్ 2.5కు దిగితే ఎముకలు గుల్లబారాయంటాం. టైప్ 2 ఉన్నవాళ్ల స్కోరులో నేను ఇంకో అర పాయింటు తగ్గించి చూస్తాను. మైనస్ 2 వచ్చినా వదిలేయను. పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కగట్టే ఫ్రాక్స్ అనే కాలిక్యులేటర్‌లో చాలాకాలం టైప్ 2 షుగర్‌కు గడే లేదు. దానికి బదులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) గడిలో టిక్కు పెట్టి సర్దుకునేవాళ్లం!

అపోహ: టైప్ 1 పిల్లల జబ్బు, ఎముకల బాధ పెద్దవాళ్లకు.

వాస్తవం: తుంటి విరిగే ముప్పు టైప్ 2 కంటే టైప్ 1లోనే చాలా ఎక్కువ. ఎముక పెరగడానికి ఇన్సులిన్ కూడా కావాలి. ముప్ఫై ఏళ్లలోపు బలం కూడబెట్టుకోవాల్సిన ఎముకకు ఆ వయసులోనే ఇన్సులిన్ కరువవుతుంది.

అపోహ: కాల్షియం బిళ్ల వేసుకుంటే సరి.

వాస్తవం: కాల్షియం, విటమిన్ డి కావాలి, కాదనను. కానీ చక్కెర అంటుకున్న కొలాజెన్‌ను ఏ బిళ్లా బాగుచేయదు. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే మూత్రంలో కాల్షియం పోతుంది కూడా.

అపోహ: పడటం మన చేతుల్లో లేదు.

వాస్తవం: నా దగ్గరకొచ్చిన వాళ్లను ముందు ఎముకల గురించి అడగను. రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు, పాదాలు మొద్దుబారాయా, కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు, లో షుగర్ వస్తోందా అని అడుగుతాను. షుగర్‌ను మరీ కిందికి దించాలని పట్టుబట్టి, లో షుగర్‌తో కళ్లు తిరిగి పడ్డవాళ్లూ ఉన్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష చేయించుకోండి. అది తగ్గితే తిమ్మిర్లు పెరుగుతాయి.

అపోహ: షుగర్ మాత్రలు ఎముకల్ని తినేస్తాయి.

వాస్తవం: అన్నీ కాదు. పయోగ్లిటజోన్‌తో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్‌తో ఆ భయం లేదు. ఏదైనా సరే, డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు.

అపోహ: నొప్పి లేదంటే ఎముకకు ఏం కానట్టే.

వాస్తవం: ఒకాయన వాచిన పాదంతో మామూలుగా నడుచుకుంటూ లోపలికొచ్చారు. బెణుకు అనుకుని రెండు వారాలు ఆగారట. చూస్తే పాదం మధ్యలో ఎముకలు విరిగి, కీళ్లు పక్కకు తప్పుకుని ఉన్నాయి. నరాలు మొద్దుబారడంతో ఆయనకు తెలియలేదు. దీన్ని చార్కాట్ పాదం అంటాం. చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూడండి. ఒకటి వాచి, ఎర్రబడి, రెండోదాని కంటే వేడిగా అనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. సంగతి తేలేదాకా ఆ పాదం మీద బరువు మోపకండి.