తుంగ గాదె ఖాళీ అయ్యేదెప్పుడు?

కూరగాయల మడిలో పెరిగిన తుంగను గునపంతో లోతుగా తవ్వి, కంటికి కనబడిన ప్రతి గడ్డనూ ఏరి పారేశాననీ, మూడు వారాలు తిరక్కుండానే అది మునుపటికన్నా రెట్టింపు దట్టంగా మొలిచిందనీ, తాను చేసిన పొరపాటేమిటో చెప్పమనీ ఒక పాఠకురాలు అడిగారు. ఆమె శ్రమలో లోపమేమీ లేదు. తవ్వడమూ పొరపాటు కాదు. ఒక్కసారి తవ్వి ఆగిపోవడమే పొరపాటు. అది ఎందుకు పొరపాటో తెలియాలంటే నేల కింద ఆ మొక్క నడిపే జమాఖర్చుల లెక్కను చూడాలి. మొండి కలుపు గురించి నేను తెలుసుకున్న విషయాలన్నింటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ లెక్కే.

1977లో కలుపు శాస్త్రవేత్త లీరాయ్ హోల్మ్, ఆయన సహచరులు ప్రపంచంలో పంటలను అత్యధికంగా పీడించే కలుపు మొక్కలను వరుసగా పేర్చినప్పుడు మొదటి స్థానం తుంగకు, రెండో స్థానం గరికకు ఇచ్చారు. ఈ రెండూ విత్తనం మీదకన్నా నేలలో దాచుకున్న భాగాల మీదే ఎక్కువగా ఆధారపడి వ్యాపిస్తాయి. తుంగకు దగ్గరి బంధువైన సైపరస్ ఎస్కులెంటస్ గడ్డ ఒక్కదాన్ని అమెరికాలోని మిన్నెసోటాలో నాటి చూస్తే, ఏడాది తిరిగేసరికి 1,900 మొక్కలు, దాదాపు 7,000 గడ్డలు లెక్క తేలాయని 1961లో ప్రచురించారు. చెయ్యి జారిన ఒక్క గడ్డ విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేలకు పైన ఉన్నది కాండం, కింద ఉన్నది వేరు అని బడిలో చెప్పి వదిలేయడం వల్ల చాలామంది పెద్దయ్యాక కూడా గరిక ‘వేళ్లు’ తీస్తున్నామనే అనుకుంటారు. పిల్లల చేత ఒక గరిక దుబ్బును తవ్వించి, మట్టి కడిగించి, అరచేతిలో పెట్టి చూపితే ఒక్క రోజులో ఈ అపోహ తొలగిపోతుంది. తెల్లగా పొడుగ్గా సాగిన ఆ పోగు మీద కొద్ది దూరానికొక కణుపు ఉంటుంది; కణుపును కప్పుతూ పల్చటి పొలుసులాంటి ఆకు ఉంటుంది; ఆ పొలుసును గోటితో తొలగిస్తే ఆవగింజంత మొగ్గ కనబడుతుంది. కణుపూ మొగ్గా ఉన్నది కాండమే కాని వేరు కాదు. వేరు ముక్కలన్నీ మొలవవు. కణుపున్న కాండం ముక్క మాత్రం మొక్కగా మారడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

తుంగను చేత్తో పీకినప్పుడు ‘టప్’మని తెగిన చప్పుడు వేళ్లకు తెలుస్తుంది. ఆ తెగిన చోటును గమనించండి. ఆకులకు అడుగున, నేల పైపొరలో ఒక చిన్న బుడిపె ఉంటుంది. దాని నుంచి తీగలాంటి సన్నటి భూగర్భ కాండం కిందికి దిగి గడ్డను చేరుతుంది. ముదిరిన కాండం పైతొక్క ఊడిపోయి ఇనుప తీగలా గట్టిపడినా, లాగితే సాధారణంగా అదే తెగుతుంది. బుడిపె చేతికి వస్తుంది, గడ్డ నేలలోనే నిలిచిపోతుంది. పైగా ఆ గడ్డ ఒంటరిది కాదు. గడ్డ నుంచి కాండం, ఆ కాండం చివర మరో గడ్డ, దాని నుంచి ఇంకో కాండం, ఇలా పూసలదండలా గొలుసు సాగుతుంది.

ఈ గొలుసులో గడ్డలన్నీ ఒకేసారి మొలవవు. కొసన ఉన్న మొగ్గ పెరుగుతున్నంతకాలం వెనకనున్న మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. దీన్నే అగ్రాధిక్యత అంటారు. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను వెనక మొగ్గలను అణచి ఉంచుతుందని 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. అయితే 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బఠాణీ మొక్కల మీద పనిచేసి, కొసను తుంచిన వెంటనే ముందుగా మారేది ఆక్సిన్ కాదనీ, చక్కెర ప్రవాహమనీ తేల్చారు. పెరిగే కొస చక్కెరనంతా తనవైపు లాగేసుకుంటుంది; కొస పోగానే ఆ చక్కెర పక్క మొగ్గలకు అందుతుంది; ఆక్సిన్ తగ్గుదల అక్కడికి చేరకముందే మొగ్గలు కదలడం మొదలుపెడతాయి. మన పాఠకురాలి మడిలో జరిగింది కూడా ఇలాంటిదే. గునపం గొలుసును పది ముక్కలు చేసింది, దాంతో పది మొగ్గల మీది కాపలా తొలగిపోయింది, ఒక్క మొలక ఉన్న చోట పది మొలకలు లేచాయి. చూడటానికి ఇది ఓటమిలా ఉంటుంది. లెక్క ప్రకారం చూస్తే మాత్రం ఆ కలుపు అంత బలహీనంగా మరెప్పుడూ ఉండదు.

ఎలాగో చెబుతాను. గడ్డ నిండా ఉన్నది పిండిపదార్థం. దాన్ని ఒక తండ్రి గాదె అనుకుందాం. మొలక అంటే వేరు కాపురం పెట్టిన కొడుకు. కొడుకు నేల దున్ని, విత్తి, పంట ఇంటికి తెచ్చుకునేదాకా వాడి తిండిగింజలు తండ్రి గాదె నుంచే వెళ్లాలి. మొలక చీకట్లో మట్టిని తోసుకుంటూ పైకి రావడానికి అయ్యే ఖర్చంతా గడ్డలోని పిండిపదార్థానిదే. నేల పైకి వచ్చి ఆకు విప్పినంత మాత్రాన ఆదాయం మొదలవదు. లేత ఆకు ఆకుపచ్చగానే ఉన్నా ఇంకా తినే నోరే. తాను తయారుచేసే చక్కెర తన పెరుగుదలకే చాలదు. వెడల్పాటి ఆకులున్న మొక్కల్లో ఆకు తన పూర్తి పరిమాణంలో సుమారు పావు వంతుకు చేరినప్పుడు కొస భాగం చక్కెరను బయటికి పంపడం మొదలుపెడుతుంది. ఆ మార్పు కొస నుంచి మొదలు వైపు పాకుతూ, ఆకు సగానికి వచ్చేసరికి పూర్తవుతుంది. మొదట విప్పుకున్న ఆకు ఇలా సంపాదన మొదలుపెట్టినా, దాని ఆదాయం వెనక వచ్చే ఆకులకే సరిపోతుంది. అందరి కడుపూ నిండి, మిగులు కిందికి దిగి గాదెను చేరడానికి మరికొంత కాలం పడుతుంది. గాదెలో నిల్వ అడుగంటి, మళ్లీ పెరగబోయే ఆ మలుపే తోటమాలికి కావలసిన అదను.

మలుపు రాకముందే మొలకను కోసేస్తే కొడుకు పంట చేతికి రాకముందే పోయినట్టు. తండ్రి మళ్లీ గింజలు పంపుతాడు, ఇంకో మొగ్గ లేస్తుంది. మలుపు దాటాక కోస్తే మాత్రం అప్పటికే తండ్రి గాదెకు పడ్డ అప్పు తీరి, గాదెలోకి కొత్త ధాన్యం చేరి ఉంటుంది. మన చేతికి వచ్చేది గడ్డి మాత్రమే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఆ కొండ కరగాలంటే తినేవాడికి సంపాదించే వీలు ఒక్కసారి కూడా ఇవ్వకూడదు.

ఆ మలుపును రోజులతో కాక ఆకులతో లెక్కపెట్టాలి, ఎందుకంటే చలిలో మొలక నెమ్మదిగా, ఎండలో త్వరగా పెరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త సిగుర్డ్ హోకన్సన్ 1960లలో చల్లటి దేశాల మొండి గడ్డి అయిన ఎలిమస్ రెపెన్స్ మీద చేసిన పరిశోధనలో, మొలకకు మూడు నాలుగు ఆకులు వచ్చినప్పుడు భూగర్భ కాండంలో నిల్వ అతి తక్కువగా ఉందని తేలింది. తుంగ విషయంలో అయిదారు ఆకులు రాకముందే తీసేయాలన్నది స్థిరపడిన నియమం. ఆ దశ వరకు మొక్క కొత్త గడ్డలు కట్టదు. వేసవిలో అంటే సుమారు రెండు మూడు వారాలకొకసారి. ముదురు గడ్డ పది పన్నెండు సార్లు కూడా తిరిగి మొలవగలదు కనుక ఓపిక అవసరమే, కాని అన్ని మొలకల ఖర్చూ సమానం కాదు. సైపరస్ ఎస్కులెంటస్‌లో మొదటి మొలకే గడ్డ నిల్వలో సగానికి పైగా తినేస్తుంది. తర్వాతివి సన్నగా, పాలిపోయి, ఆలస్యంగా వస్తాయి. అసలు దెబ్బ తగిలేది మొదటి రెండు కోతల దగ్గరే. అక్కడ అశ్రద్ధ చేసి తర్వాత ఎంత కష్టపడినా ప్రయోజనం తక్కువ.

చంద్రుడి దశను చూసి కలుపు పీకితే మళ్లీ మొలవదనే నమ్మకం చాలా ప్రాంతాల్లో ఉంది. ఆ నమ్మకంలోని అసలు నష్టం చంద్రుడి వల్ల కాదు, గడువు వల్ల. ఒక అమావాస్యకూ మరో అమావాస్యకూ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వేసవి ఎండలో ఒక తుంగ మొలక ఆకులు విప్పి, అప్పు తీర్చి, గడ్డ కట్టడం మొదలుపెట్టడానికి అంత వ్యవధి చాలు.

కోత ఒక్కటే కాక, కొడుకు పొలాన్ని బీడుపరచడం అనే మార్గం కూడా ఉంది. తుంగ, గరిక రెండూ మొక్కజొన్న, చెరకులాగా సి-4 అనే, మండుటెండను బాగా వాడుకునే పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. మండుటెండలో వీటితో పోటీపడటం కూరగాయ మొక్కలకు కష్టం. నీడలో ఆ ఆధిక్యం పోతుంది. త్వరగా ఆకు కమ్మే తీగ జాతి కూరగాయలను దగ్గర దగ్గరగా పెంచితే, కోత తప్పించుకున్న మొలకలు కూడా అప్పు తీర్చలేక ఈడుస్తుంటాయి. లోతు కూడా మనకు ఇలాగే పనికివస్తుంది. చిన్న ముక్క లోతుగా పూడిపోతే పైకి చేరేలోపే దాని నిల్వ అయిపోతుంది. గొలుసును ముక్కలు చేయడం మంచిదే అన్నది అందుకే, రెండు వారాలకు మళ్లీ వచ్చి చూసే పట్టుదల ఉంటే.

ఇక నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచి నిశ్చింతగా ఉండేవారికి తుంగ ఇచ్చే సమాధానం అద్భుతమైనది. చీకట్లో పెరిగే తుంగ మొలక పొలుసులను బిగువుగా చుట్టుకుని సూదిమొనలా ఉంటుంది. ఆ మొనతో షీటును చీల్చుకుని పైకి వస్తుంది. షీటు పారదర్శకమైనదైతే వెలుతురు కిందికి చేరుతుంది, నేల పైకి వచ్చానని మొలక మొన విప్పి ఆకులు చాపుతుంది. విప్పిన ఆకుకు పొడిచే బలం ఉండదు. అది షీటు కిందే చిక్కుకుని వేడికి మాడుతుంది. నేలను పారదర్శక షీటుతో కప్పి ఎండతో శుద్ధి చేసే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్‌కు చెందిన యాకోవ్ కటాన్ బృందం ప్రకటించింది. తడిపిన నేల మీద, బాగా ఎండలు కాసే కాలంలో, నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచాలి. లోతున ఉన్న గడ్డలన్నీ దీనితో చావవు, కాని అవి లేపిన మొలకల ఖర్చు వృథా అవుతుంది. మందంగా వేసిన అట్టలు, వాటి మీద ఆకుల చెత్త కూడా గరిక మీద బాగానే పనిచేస్తాయి. తుంగకు మాత్రం అవి పెద్ద అడ్డు కాదు.

వినెగర్, ఉప్పు గురించి తరచూ అడుగుతుంటారు. వినెగర్‌లోని ఆమ్లం తగిలిన ఆకును మాడుస్తుంది, గడ్డకు చేరదు. అంటే అదీ ఒక కోతే. ఉప్పును కూరగాయల మడిలో వేయనే కూడదు. కలుపుకన్నా ముందు కూరగాయలే పోతాయి. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు ఆకు నుంచి చక్కెర వెళ్లే దారినే పట్టుకుని ప్రయాణిస్తుంది. అందువల్ల మొలక ఇంకా గడ్డను తింటున్న దశలో చల్లితే కిందికి దిగదు. మిగులు గాదెకు వెళ్లే దశలోనే దిగుతుంది. చక్కెర అడగని నిద్రగడ్డలకు అప్పుడు కూడా చేరదు. పంట నిలిచి ఉన్న మడిలో ఒక్క తుంపర పడినా కూరగాయ మొక్క దెబ్బతింటుంది కనుక అక్కడ దాన్ని వాడమని నేను చెప్పను.

నిజంగా వేళ్లతోనే బతికే మొండి కలుపు కూడా ఉంది. కన్వాల్వులస్ ఆర్వెన్సిస్ అనే తీగ వేళ్లు అనేక మీటర్ల లోతుకు దిగుతాయి, వేరు మీదే మొగ్గలు పుడతాయి, రెండంగుళాల ముక్క కూడా తీగ కాగలదు. అంత గాదెను తవ్వి తీయడం అసాధ్యం. లెక్క మాత్రం అదే. గడువు నెలల్లో కాక రెండు మూడేళ్లలో ఉంటుంది.

పాఠకురాలు ఇప్పుడు చేయవలసింది ఇది. లేచిన మొలకలన్నింటినీ నాలుగు ఆకుల దశలో తవ్వుకోలతో బుడిపె కిందికి కోయాలి, మళ్లీ లేస్తే మళ్లీ కోయాలి. ఎండాకాలంలో మడి ఖాళీగా ఉంటే తిరగదవ్వి, నీరు పెట్టకుండా వదిలేయాలి. వేళ్లు తెగిన గడ్డలు ఎండకు వట్టిపోతాయి. నాలుగైదు కోతల తర్వాత ఒక గడ్డను తవ్వి తీసి గోటితో చీల్చి చూడాలి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే గాదెలో ఇంకా గింజలున్నట్టే. గోధుమరంగు తిరిగి, నొక్కగానే మెత్తగా లోపలికి పోతే ఆ గడ్డ నుంచి ఇక మొలక రాదు.