భీమిలి వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క

తెరచాప పడవ డీజిల్ లేకుండా నడుస్తుంది కానీ, కరెంట్ లేకుండా దానికి రాత్రి గడవదు. విశాఖ రేవు బయట ఓడలు లంగరేసి ఉంటాయి, వేట బోట్లు తిరుగుతుంటాయి. వాటి మధ్య చీకట్లో దీపం, రేడియో లేకుండా వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. నిజానికి దీపాలు, రేడియో, జీపీఎస్ వాడే కరెంట్ తక్కువే. ఎక్కువ తినేవి ఫ్రిజ్, చుక్కానిని తనంతట తాను తిప్పే ఆటోపైలట్. ముప్పై అడుగుల పడవలో ఇవన్నీ రోజంతా నడిస్తే దాదాపు రెండు యూనిట్లు కావాలి. ఇంట్లో ఏసీ గంటా గంటన్నరలో లాగేసేంత. సముద్రం మీద ఆ రెండు యూనిట్లు పుట్టించడానికే ఈ తిప్పలన్నీ.

ఎండ విషయంలో మనం అదృష్టవంతులం. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కాబట్టి క్యాబిన్ కప్పు మీద సోలార్ ప్యానెల్‌ని బల్లపరుపుగా పరిచేసినా చాలు. వంద వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున యూనిట్‌లో మూడో వంతుకి పైనే ఇస్తుంది.

వచ్చిన చిక్కల్లా నీడతోనే. ప్యానెల్‌లో 36 సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, కరెంట్ అన్నిటి గుండా సాగాలి. తెరచాప కొయ్య నీడ ఒక్క సెల్‌ని పూర్తిగా కప్పితే అక్కడ దారి మూసుకుపోతుంది. పక్కదారి చూపే డయోడ్లు ఇలాంటి ప్యానెల్‌కి సాధారణంగా రెండు ఉంటాయి. అవి సగం ప్యానెల్‌ని వదిలేసి మిగతా సగాన్ని కాపాడతాయి. అరచెయ్యంత నీడకి సగం కరెంట్ పోయినట్టే! అందుకే ఒక పెద్ద ప్యానెల్ కన్నా చిన్నవి రెండు తీసుకుని, పడవకి చెరో వైపు, వేర్వేరు కంట్రోలర్లతో (బ్యాటరీకి వెళ్లే కరెంట్‌ని అదుపు చేసే పెట్టెలు) పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ముసురు పట్టిన రోజుల్లో గాలిమరే దిక్కు. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మీటరు పైచిలుకు వ్యాసం ఉన్న చిన్న మర 10 నాట్ల (నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) గాలికి 20 వాట్లిస్తే, 20 నాట్లకి 160 ఇస్తుంది. అయితే మరకి తగిలేది పడవ మీదున్న గాలి, ఒడ్డున ఉన్నవాళ్లకి తగిలే గాలి కాదు. నైరుతి గాలి 12 నాట్లతో వీస్తోందనుకోండి. విశాఖ నుంచి ఈశాన్యాన ఉన్న భీమిలికి 5 నాట్లతో వెళ్తుంటే గాలి వెనక నుంచి వస్తుంది, మరకి తగిలేది 7 నాట్లే. తిరుగు దారిలో గాలికి ఎదురుగా, అటూ ఇటూ ఏటవాలుగా రావాలి కాబట్టి 15 నాట్ల దాకా తగులుతుంది. అదే రోజు, అదే గాలి. మర ఇచ్చే కరెంట్‌లో మాత్రం దాదాపు పది రెట్ల తేడా!

భీమిలి వెళ్లేటప్పుడు కలిగే ఈ లోటుని నీళ్లు తీరుస్తాయి. పడవ వెనక నీళ్లలోకి దించే హైడ్రో జనరేటర్‌కి జానెడు పైచిలుకు ఫ్యాన్ ఉంటుంది. సముద్రపు నీళ్లు గాలి కన్నా 800 రెట్లకు పైగా బరువు కాబట్టి అంత చిన్న ఫ్యానే 5 నాట్ల దగ్గర వంద వాట్లు తీస్తుంది. 3 నాట్లకి పడిపోతే పాతిక కూడా రాదు. పైగా ఈ శక్తి ఊరికే రాదు, పడవని కొంచెం వెనక్కి లాగుతుంది. చాపలు నిండుగా ఉన్న రోజున ఆ నష్టం తెలియదు, నీరసపు గాలిలో మాత్రం జనరేటర్‌ని పైకి ఎత్తేయాలి.

బ్యాటరీ నిండిపోతే సోలార్‌ని ఆపేయొచ్చు. గాలిమరని ఉత్తినే విడదీస్తే మాత్రం భారం లేక పిచ్చి వేగంతో తిరిగి రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. అందుకే మిగులు కరెంట్‌ని ఒక రెసిస్టర్‌లోకి మళ్లించి వేడిగా వదిలేస్తారు.

తీగల సంగతి చాలామంది పట్టించుకోరు. అదే నాకు బాధ. 12 వోల్టుల మీద, 10 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్లు పంపితే, రానూ పోనూ కలిపి 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. పుట్టించిన దానిలో పదో వంతుకి మించి తీగ వేడెక్కడానికే ఖర్చు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం మూడు శాతం లోపే. మన ఉప్పుగాలికి మామూలు రాగి పచ్చగా చిలుం పడుతుంది, కాబట్టి తగరం పూత ఉన్న తీగే కొనాలి.